ఆఁ అంటే విన్నాననా, కానిమ్మనా?

ఈ సంచికకు వ్యాసం ఇమ్మని సంఘం మిత్రుడొకడు అడిగితే "విమానాల గురించి రాస్తా" అన్నాను. అతను నవ్వాడు. "మోస్రా నుంచి వచ్చినోనివి, వరి గురించో నిజాంసాగరు నీళ్ళ గురించో రాయరాదా? విమానాలతోని నీకేం పని?" అన్నాడు. పని ఉంది. మోస్రా, వర్ని, బోధను చుట్టుపక్కల గల్ఫుకు పోయివచ్చినవాడు లేని ఊరు వెతికినా దొరకడం కష్టం. మనవాళ్ళు షంషాబాదులో విమానమెక్కి బెల్టు బిగించుకుని కూర్చుంటారు. విమానం పరుగందుకునే లోపల పైలటుకూ కంట్రోలు టవరుకూ మధ్య నాలుగు మాటలు నడుస్తాయి. మనకవి వినబడవు. మన ప్రాణాలు మాత్రం వాటిమీదే ఉంటాయి.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ఇంటరు చదివే రోజుల్లో మా చిన్నాయన పొలం దగ్గర మోటారు వైరు అతుకుతున్నాడు. నేను స్టార్టరు దగ్గర నిలబడ్డాను. పక్క మడిలో ట్రాక్టరు దున్నుతున్నది. "ఎయ్యాల్నా?" అని కేక వేశాను. ఆయన "ఎయ్యకు" అన్నాడు. నాకు "ఎయ్య" వరకే వినబడింది. చివరి "కు"ను ట్రాక్టరు మింగేసింది. బటను నొక్కాను. చెయ్యి వెంటనే లాక్కున్నాడు గనుక బతికిపోయాడు, రెండు వేళ్ళు మాత్రం కాలినయి. ఆయన నన్ను తిట్టలేదు. "నేనన్న మాట నువ్వు మల్ల నాకు చెప్పకుంట ఎట్ల ఏస్తివిరా?" అన్నాడు, అంతే.

1977 మార్చి 27న టెనెరిఫెలో జరిగింది కూడా ఇటువంటిదే. కాకపోతే అక్కడ పోయినవి 583 ప్రాణాలు. టెనెరిఫె స్పెయిను వారి కెనరీ దీవుల్లో ఒకటి. ఆ రోజు పక్క దీవి విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడికి పోవలసిన విమానాలను ఇటు మళ్ళించారు. వాటిలో రెండు జంబో జెట్లు: ఒకటి హాలెండు వారి కె.ఎల్.ఎం., రెండోది అమెరికా వారి పానామ్. ఉన్నది ఒకటే రన్‌వే. పక్కదారి విమానాలతో నిండిపోయింది గనుక ఆ రన్‌వే మీదుగానే నడిచి చివరికి పోవాలి. పైగా మబ్బు నేలకు దిగింది. టవరుకు విమానాలు కనబడవు, విమానాలకు ఒకదానికొకటి కనబడవు. మిగిలిందల్లా రేడియోలో గొంతు.

కె.ఎల్.ఎం. రన్‌వే చివర తిరిగి నిలబడింది. ఎగిరిన తర్వాత ఏ దారిన పోవాలో టవరు చెప్పింది. దారి చెప్పడం వేరు, ఎగరమనడం వేరు. కాని ఆ దారి చెప్పిన మాటల్లోనే 'టేకాఫ్' అన్న పదం దొర్లింది. కో-పైలటు ఆ మాటలన్నీ తిరిగి అప్పజెప్పి, చివర "వుయ్ ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అన్నాడు. ఎగరడానికి సిద్ధంగా నిలబడ్డామనా, ఎగరడం మొదలుపెట్టామనా? టవరు మొదటి అర్థం తీసుకుని "ఓకే" అంది. క్షణమాగి, "ఆగండి, నేను పిలుస్తాను" అంది. సరిగ్గా అప్పుడే పానామ్ "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అన్నది. ఒకే తరంగం మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రేడియోలో మాట రాదు, కీచుమని కూత వస్తుంది. కె.ఎల్.ఎం. వారికి స్పష్టంగా అందింది ఆ "ఓకే" ఒక్కటే.

అప్పటికే విమానం పరుగులో ఉంది. లోపలున్న ఇంజనీరుకు మాత్రం అనుమానం వచ్చింది. "ఆ పానామ్ తప్పుకోలేదా?" అని అడిగాడు. కెప్టెను ఆ కంపెనీలో ఇతర పైలట్లకు పాఠాలు చెప్పే పెద్దమనిషి. తప్పుకుందని గట్టిగా అన్నాడు. ఇంజనీరు మళ్ళీ అడగలేదు. నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా భయంకరమైనది మంచు కాదు, ఆ మౌనం.

కో-పైలటు ఇంగ్లీషులో డచ్చి నుడికారం దొర్లిందని కొందరు భాషావేత్తలంటారు. దానికి మనం నవ్వడానికి లేదు. మన ఇళ్ళల్లో బయటికి పోయేవాడు "పోత" అనకూడదు, "వస్త" అనాలి. ఫోను చేసి "యాడున్నవ్‌రా?" అంటే "వస్తున్న, తొవ్వల్నే ఉన్న" అనేవాడు ఇంకా స్నానం కూడా చెయ్యలేదని అందరికీ తెలుసు. ఇక మన "ఆఁ" సంగతి. విన్నాననే "ఆఁ", సరే కానిమ్మనే "ఆఁ", ఏమన్నావనే "ఆఁ?" మూడూ ఒకటే అక్షరం. ఇంట్లో ముఖం చూసి పోల్చుకుంటాం. రేడియోకు ముఖం లేదు గదా!

ఆ ప్రమాదం తర్వాత మాటలకే కట్టుదిట్టం చేశారు. 'టేకాఫ్' అనే పదం ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడో తప్ప మరెక్కడా వాడరాదు. మిగతా చోట్ల 'డిపార్చర్' అనాలి. 'రోజర్' అంటే నీ మాట మొత్తం అందిందని మాత్రమే, ఒప్పుకున్నానని కాదు. రన్‌వేకు సంబంధించిన ఆజ్ఞను పైలటు తిరిగి అప్పజెప్పాలి. టవరు దాన్ని విని తప్పుంటే దిద్దాలి. ఈ రెండో సగాన్ని జనం మరిచిపోతారు. అప్పజెప్పింది వినేవాడు లేకపోతే అది ఉత్త చిలక పలుకే.

సరిగ్గా అప్పజెప్పినా సరిపోదని 2024 జనవరి 2న టోక్యోలోని హానెడాలో తేలింది. నోటో భూకంప బాధితులకు సామాగ్రి తీసుకుపోవలసిన కోస్టుగార్డు విమానానికి టవరు "నీది నంబరు వన్, రన్‌వే ముందున్న గీత దగ్గరికి రా" అంది. పైలటు ఆ మాటలు తప్పులేకుండా తిరిగి చెప్పాడు. అయినా గీత దాటి రన్‌వే మీదికి పోయి నిలబడ్డాడు. పైనుంచి దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం వచ్చి గుద్దింది. పెద్ద విమానంలోని 379 మందీ బయటపడ్డారు, చిన్నదానిలోని ఆరుగురిలో ఐదుగురు పోయారు. బయలుదేరే వరుసలో మొదటివాడివని టవరు భావం. తొందరలో ఉన్నవాడికి 'నంబరు వన్' అన్నమాట ఇంకోలా తోచింది. ఆ తర్వాత జపానులో కొంతకాలం ఆ మాటే వాడడం ఆపేశారు.

మన పొరుగున బెంగుళూరులో 2022 జనవరి 7న పక్కపక్క రన్‌వేల మీది నుంచి రెండు విమానాలు ఒకేసారి లేచి దగ్గరపడ్డాయి. ఒక రన్‌వే ఆపాలని తీసుకున్న నిర్ణయం అది చూసే కంట్రోలరుకు అందలేదు. రాడారు దగ్గరున్న కంట్రోలరు గమనించి పక్కకు తిప్పబట్టి సరిపోయింది. అక్కడ మాట తప్పిపోయింది ఆకాశంలో కాదు, టవరులోనే.

తెలుగు మీడియం మిత్రులు "ఈ పనులు ఇంగ్లీషు దంచేటోళ్ళవి" అనుకుంటారు. నిజమే, 2008 మార్చి నుంచి అంతర్జాతీయ మార్గాల్లో పైలట్లకూ కంట్రోలర్లకూ ఇంగ్లీషు పరీక్ష తప్పనిసరి అయింది. కాని కంట్రోలరు ఉద్యోగానికి లెక్కలు, ఫిజిక్సుతో బి.యస్సీ. చేసినవాళ్ళూ అర్హులే, బేగంపేటలో శిక్షణ కేంద్రమే ఉంది. మనకు తక్కువైంది ఇంగ్లీషు కాదని నా అభిప్రాయం. క్లాసులో "అర్థమైందా?" అంటే అరవై గొంతులు "ఆఁ సార్" అంటాయి. అందులో నా గొంతూ ఉంది. అర్థంకానివాడు లేచి మళ్ళీ అడిగితే వెనక బెంచీలు నవ్వుతాయి, ఒక్కోసారి బల్ల అవతలివారూ విసుక్కుంటారు. విమానయానంలో 'సే ఎగైన్' అన్నది పుస్తకంలో అచ్చేసిన అధికారిక వాక్యం. దాన్ని వాడినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. మన క్లాసులో ఆ వాక్యానికి ఆ హోదా ఎప్పుడొస్తుంది?

ఇక మా చిన్నాయన. ఆ రోజు నుంచి ఆయన పొలం దగ్గర "ఎయ్యకు" అనే మాటే ఎత్తడు. "బంద్!" అంటాడు. నేను స్టార్టరు దగ్గర చేతులు కట్టుకుని "బంద్!" అని తిరిగి అరవాలి. అరవకపోతే వైరు ముట్టడు. గట్టు మీద పోయేవాళ్ళు చిన్నాయనా కొడుకులకు పిచ్చి లేచిందా అన్నట్టు చూస్తారు. చూడనీ.