ఆకాశం మీద నేరం మోపే పాలన

నగరం మునిగిన ప్రతిసారీ పాలకులు ఆకాశాన్నే ముద్దాయిగా నిలబెడతారు. ‘కనీవినీ ఎరుగని వర్షం’ అన్న ఒక్క మాటలో బాధ్యత యావత్తూ కొట్టుకుపోతుంది. 2005 జులై 26న ముంబయిలోని శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన కురిసిన మాట నిజమే. అంతటి వానను ఏ కాలువా మోయలేదన్నదీ నిజమే. కానీ, ఆ నగరపు పాత కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకే సరిపోతాయనీ, ఆ సామర్థ్యాన్ని 50కి పెంచాలనీ చెప్పిన ‘బ్రిమ్‌స్టోవాడ్’ నివేదిక 1993లోనే అందింది. పన్నెండేళ్లు దాని అమలును సాగదీసి, ఆపై మేఘాన్ని నిందించడం ఏ రాజనీతి?

లోపం విజ్ఞానానిది కాదు. ఎంత వానకు ఏ కాలువ పొంగుతుందో, ఏ వీధిలో ఎంత ఎత్తున నీరు నిలుస్తుందో లెక్కగట్టే ‘ఎస్‌డబ్ల్యూఎంఎం’ కంప్యూటర్ నమూనాను అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1971లోనే రూపొందించింది. నేడది ఎవరికైనా ఉచితం. పట్టణ వరదలను నదీ వరదల నుంచి వేరుచేసి మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లోనే మార్గదర్శకాలిచ్చింది. 2020లో ముంబయికి ‘ఐఫ్లోస్’ ముంపు హెచ్చరిక వ్యవస్థ సమకూరింది. హెచ్చరిక ప్రాణాలు కాపాడుతుంది, సంతోషమే. మరి అదే లెక్క నిర్మాణ అనుమతులిచ్చే అధికారి బల్ల మీదికి ఎందుకు చేరదు?

చేరితే నిజం బయటపడుతుంది గనుక. చెరువు శిఖంలో వేసిన లేఅవుట్ దిగువ బస్తీలో ఎన్ని అడుగుల నీటిని పెంచుతుందో ఆ లెక్క చెబుతుంది. చెన్నైలో పళ్లికరణై చిత్తడినేలను భవనాలకూ, చెత్తకుప్పకూ అప్పగించినందుకు మూల్యం ఎవరు చెల్లిస్తారో చెబుతుంది. లాభం ఎగువన, ముంపు దిగువన అన్న ఏర్పాటు అంకెల్లో కనబడుతుంది.

నమూనా మంత్రదండం కాదు. కాలువల అసలు కొలతలు, పూడిక, నాలాల ఆక్రమణ చేర్చని లెక్క కాంట్రాక్టర్లకే ఉపయోగం. అందుకే ముందు కాలువల సర్వే జరగాలి. వార్డువారీ ముంపు పటం ప్రజల ముందుండాలి. దిగువకు ముంపు పెంచే ఏ కట్టడానికీ అనుమతి ఉండరాదు.

1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వెలిశాయి. కంప్యూటర్ లేని రాచరికం లెక్కను మన్నించింది. ఓట్లతో గెలిచిన ప్రభుత్వాలు మాత్రం పరిహారపు చెక్కులతో సరిపెడుతున్నాయి. ఆ చెక్కు అందుకునే ఓటరు ఇకనైనా ముంపు పటం అడగాలి.