నాలుగవ ఋణం

మానవుడు దేవ, ఋషి, పితృ ఋణాలతో జన్మిస్తాడని వైదిక సంప్రదాయం. తొలి జీతం అందుకున్న యువకుడు నాలుగవ ఋణాన్ని స్వయంగా వరిస్తున్నాడు. క్రెడిట్ కార్డును ఎంచుకునే వేళ అతని దృష్టి రివార్డు పాయింట్లపైనే, చూడవలసినది వడ్డీని. నెలకు 3.5 శాతమంటే ఏడాదికి 42 శాతం! కనీస మొత్తం చెల్లిస్తే చాలుననుకోవడం కేవలం భ్రాంతి. మిగిలిన బాకీకే కాక, కొత్త కొనుగోళ్లకూ వడ్డీ ఆరంభమవుతుంది. కూడిన వడ్డీ అసలును మించరాదని మనుస్మృతి హద్దు విధించింది. ఈ వ్యాపారం ఆ హద్దును ఎరుగదు. కార్డు పాపం కాదు, లోభం పాపం. వార్షిక రుసుము లేని ఒక్క కార్డు, స్వల్ప పరిమితి, గడువులోగా సంపూర్ణ చెల్లింపు: ఇదే నేటి అపరిగ్రహం. ఆ నిగ్రహం అలవడనివారికి కార్డు లేకపోవడమే శ్రేయస్కరం.