ప్రథమ చికిత్స నేర్పేవారిని ఇక్కడే తయారుచేయండి

ఆంధ్రప్రదేశ్ ఫ్యాక్టరీల శాఖ డైరెక్టర్ గారికి,



2022 ఏప్రిల్ 13 రాత్రి ఏలూరు జిల్లా ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెం రసాయన కర్మాగారంలో చెలరేగిన మంటలు ఆరుగురిని బలిగొన్నాయి. ప్రతి 150 మంది కార్మికులకూ ఒక ప్రథమ చికిత్స పెట్టె, దాని బాధ్యత సర్టిఫికెట్ పొందిన మనిషికి ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మరి ఆ మనిషికి నేర్పేదెవరు?

తాడేపల్లిగూడెం రైస్ మిల్లుల్లో, కొల్లేటి చుట్టూ చేపల చెరువుల దగ్గర కరెంటు షాక్ ముప్పు నిత్యం ఉంటుంది. ఎవరికైనా షాక్ తగిలితే ముందు మెయిన్ స్విచ్ ఆపాలి. స్పృహ లేక, ఊపిరి ఆగిపోతే ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం రెండంగుళాల లోతున నొక్కాలి. ఇది ఉపన్యాసం వింటే రాదు; శిక్షణ బొమ్మ మీద చేతులు ఆనించి సాధన చేయాలి.

నర్సులకూ, అనుభవమున్న సూపర్‌వైజర్లకూ ఏలూరులోనే, తెలుగులోనే బోధకుల శిక్షణ ఇప్పించండి. చేసి చూపే పరీక్ష పెట్టండి. నెగ్గినవారికి గుర్తింపునిచ్చి, వారి జాబితాను ప్రతి మిల్లుకూ పంపండి.

ఇట్లు,
కొల్లేటి ప్రాంత పౌరుడు