ఉప్పు వేసిన మాట

వినాయక చవితి నాడు మా అమ్మ ఉండ్రాళ్ళ పళ్ళెం పట్టుకొని ఇరుగుపొరుగు ఇళ్ళకు వెళ్ళేది. మా వీధిలో రెండు క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. ఒక ఏడు మొదటి ఇంటి గుమ్మంలోనే ‘విగ్రహాలకు పెట్టింది మేము తినం’ అన్న మాట ఎదురైంది. రెండవ ఇంటి ఇల్లాలు, ‘రండి పిన్నిగారూ, కూర్చోండి. పూజలో పెట్టింది మేము తీసుకోకూడదండీ, ఏమీ అనుకోకండి. కాఫీ ఇస్తాను, తాగి వెళ్ళండి’ అన్నది. ప్రసాదాన్ని ఇద్దరూ తీసుకోలేదు. కానీ అమ్మ ఒక ఇంటి నుంచి కళ్ళనీళ్ళతో వెనుదిరిగింది, ఇంకొక ఇంట అరగంట కూర్చుని వచ్చింది.

ఈ తేడా ఎక్కడిదో క్రైస్తవుల గ్రంథంలోనే కనిపిస్తుంది. కొత్త నిబంధనలో పౌలు పేర కొలొస్సయులకు వ్రాసిన పత్రిక ఒకటి ఉన్నది. కొలొస్సయి నేటి టర్కీ దేశంలో ఉండిన ప్రాచీన నగరం. విశ్వాసి మాట కృపతో నిండి, ఉప్పు వేసిన పదార్థంలా రుచిగా ఉండాలని ఆ పత్రిక నాలుగవ అధ్యాయం చెబుతుంది. తేనె అనలేదు, చక్కెర అనలేదు, ఉప్పు అన్నారు. ఇచ్చకాలాడటం కృప కాదన్నమాట. నియమం నియమంగానే ఉండాలి, నిజం నిజంగానే చెప్పాలి; అయితే వినేవారికి మింగుడుపడేటట్లు చెప్పాలి. ఉప్పు పాలు ఎంతో వంట చేసే చేతికి తెలియవలసిందే.

దానికి ముందున్న మాట మరింత గమనించదగినది. సంఘానికి వెలుపలి వారితో వివేకంగా మెలగమంటున్నది. అంటే ఆ ఉప్పు ముఖ్యంగా మనబోటి వారి కోసమే! పైగా ఎవరికి ఎలా ఉత్తరమివ్వాలో తెలియడానికే ఈ హితవట. అడిగినవారికే కదా ఉత్తరం? ఎవరూ అడగకుండానే ఎదుటివారి దేవతలను తూలనాడే నోటికి ఈ వాక్యంలో చోటున్నట్లు నాకు తోచదు.

ఇటువంటి మాటకు పౌలే ఉదాహరణ చూపాడు. ఫిలేమోను అనే యజమానిని విడిచి వచ్చిన ఒనేసిము అనే దాసుణ్ణి తిరిగి పంపుతూ, చెరసాలలో ఉండి అతడొక చిన్న లేఖ వ్రాశాడు. మొత్తం 25 వచనాలే. ఆజ్ఞాపించగల అధికారం తనకున్నదని చెబుతూనే, ప్రేమతో అర్థించాడు. ఇతణ్ణి దాసునిగా గాక సోదరునిగా చేర్చుకొమ్మన్నాడు. ఇతడేమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. ఆ వెంటనే, నీవు నాకు పడిన రుణం సంగతి ఎత్తనులే అని ఒక చురక! అదిగో, ఉప్పు.

మనమూ తక్కువ తినలేదు. క్రిస్మస్ నాడు వారు తెచ్చిన కేకును గుమ్మం బయటే పెట్టించిన ఇళ్ళను నేనెరుగుదును. ‘మతం పుచ్చుకున్నవాళ్ళు’ అని వారికి వినబడేటట్లు అనడం మనకు తప్పుగా కూడా తోచదు.

ఆ ఏడు డిసెంబరులో ఆ రెండవ ఇంటి ఇల్లాలు కేకు తీసుకొని వచ్చింది. మా అమ్మ కోడిగుడ్డు ముట్టదు. ఒక్క క్షణం తడబడి, ‘గుడ్డు వేసింది నేను తిననమ్మా, ఏమీ అనుకోకు. పిల్లలకు పెడతాను. ముందు నువ్వు కూర్చో, కాఫీ కలిపి తెస్తాను’ అన్నది.