చిన్నమ్మ ఇంటి బండ

వేములవాడలో మా చిన్నమ్మ ఇంటి పెరట్లో, బావి పక్కన బట్టలుతికే బండ ఒకటి ఉండేది. ముప్ఫై ఏళ్ళు దానిమీదే చీరలు బాదింది చిన్నమ్మ. పెంకుటిల్లు తీసేసి స్లాబు వేయించేటప్పుడు కూలీలు ఆ బండను తిరగేస్తే, అడుగున పద్మాసనం వేసుకున్న మూర్తి! తల లేదు. "అయ్యో, ఇన్నాళ్ళూ దేవుణ్ణి తొక్కానా!" అని చిన్నమ్మ చెంపలు వేసుకుని, పసుపు కుంకుమ పెట్టింది. మర్నాడు ఆ బండ పునాదిలోకి పోయింది. ఎవరినో అనడమెందుకు, పక్కన నిలబడి చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ ఊరు ఎలాంటిదో అప్పుడు నాకు తెలీదు. బళ్ళో చెప్తే కదా! వెయ్యేళ్ళ కిందట అది చాళుక్యుల రాజధాని. కన్నడంవాళ్ళు ఆదికవి అని కొలిచే పంపడు 941లో భారతం రాసింది ఇక్కడి అరికేసరి కొలువులోనే. బద్దెగుడనే రాజు సోమదేవసూరి కోసం ఇక్కడే జైనాలయం కట్టించాడు. చిన్నమ్మ బండ ఆ గుడిదేనని నేననను. కాదని మాత్రం ఎవరు చెప్పగలరు, చూసినవాళ్ళుంటేగా!

పంపడి తమ్ముడు జినవల్లభుడు దగ్గర్లోని కురిక్యాల గుట్టమీద తెలుగు కందపద్యాలు చెక్కించాడు. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చిందంటే చూపిన సాక్ష్యాల్లో అవీ ఉన్నాయి. ఆ గుట్టకూ గ్రానైటు క్వారీల బెడద తప్పలేదు.

2025లో వేములవాడలో గుడిదాకా రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఇళ్ళూ దుకాణాలూ కూల్చారు. రోడ్డు వద్దంటానా? శివరాత్రినాడు చంటిపిల్లను చంకనేసుకుని ఆ తొక్కిడిలో నలిగినదాన్ని. రోడ్డు కావాలి, మురుగుకాలవ కావాలి, అన్నిటికన్నా ముందు ఆడవాళ్ళకు మరుగుదొడ్లు కావాలి. (ఈ చివరిది మగవాళ్ళకు ఎప్పుడూ చివర్నే గుర్తొస్తుంది.) కానీ జేసీబీ పళ్ళకు బండకీ విగ్రహానికీ తేడా ఏం తెలుస్తుంది?

చాటలో పోసి రాళ్ళేరందే మనం బియ్యం ఎసట్లో పొయ్యం. అక్కడ పారెయ్యడానికి ఏరతాం, ఇక్కడ దాచుకోవడానికి ఏరాలి, అంతే తేడా. పునాదులు తవ్వేచోట పురావస్తుశాఖ మనిషి ఒకడు నిలబడి, దొరికినదానికి ఫోటో తీసి, ఎక్కడ దొరికిందో రాసుకోవాలి. ఇది పెద్ద కోరికా? పని ఆలస్యమవుతుందంటారు. ఏథెన్సులో మెట్రో రైలు కోసం తవ్వినప్పుడూ ఆలస్యమైంది. అయినా దొరికినవాటిని ఆ స్టేషన్లలోనే అద్దాల వెనక పెట్టారు. రైళ్ళూ నడుస్తున్నాయి. మనకు కరీంనగరులో మ్యూజియం ఉండనే ఉంది.

రేపెప్పుడైనా మా చిన్నమ్మ ఇల్లు కూడా రోడ్డులో పోతే, తవ్వేవాళ్ళకు ముందే చెప్తున్నాను. దేవుడి గది కింద, ఈశాన్యం మూలన కాస్త మెల్లగా తవ్వండి. మూర్తి బోర్లా ఉంది.