గీతలు లేని స్కేలు

కారు ఇంజన్ వేడెక్కి ఆగిపోతుంది. మెకానిక్ హెడ్ విప్పి, 'గ్యాస్కెట్ పోయిందండీ' అంటాడు. కొత్తది వేయిస్తారు. నెల తిరక్కుండానే మళ్లీ అదే తంతు... రేడియేటర్‌లో నీళ్లు మాయం, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ! పాపం, తిట్లన్నీ గ్యాస్కెట్‌కే. కానీ చాలాసార్లు అసలు దోషి అది కాదు. వేడికి అల్యూమినియం హెడ్డే కంటికి ఆననంతగా వంగి ఉంటుంది. ఆ వంపును పట్టిచ్చేది స్ట్రెయిట్ ఎడ్జ్.

చూడ్డానికి ఉత్త ఉక్కు బద్ద. అంగుళాలుండవు, సెంటీమీటర్లుండవు. అంచు తిన్నగా ఉండటమే దాని ఉద్యోగం. తాపీమేస్త్రీ గోడకు అల్యూమినియం బద్ద ఆనించి చూస్తాడే, ఇదీ అదే పని. కాకపోతే అక్కడ మిల్లీమీటరు అటూఇటూ అయినా గోడ గోడే. ఇక్కడ అలా కుదరదు.

హెడ్ మీది మసి, పాత గ్యాస్కెట్ ముక్కలు గీకి శుభ్రం చేశాక స్ట్రెయిట్ ఎడ్జ్‌ను నిలబెడతారు. నాలుగు పక్కలా, రెండు మూలలకూ అడ్డంగా... మొత్తం ఆరుచోట్ల. కింద ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూస్తారు. పరిమితి బండిని బట్టి మారుతుంది. చాలా కార్లకు 0.05 మిల్లీమీటర్లు, అంటే మామూలు తెల్లకాగితం మందంలో సగం! అంత రేకు దూరిందంటే హెడ్‌ను ఫేసింగ్‌కు పంపాల్సిందే. వంపు మరీ ఎక్కువైతే అదీ పనికిరాదు, హెడ్ మార్చాలి. కాబట్టి గ్యాస్కెట్ డబ్బులిచ్చే ముందే 'స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూశారా?' అని అడగడం మంచిది.

పనిముట్లు తయారుచేసే చోట రేకులు కూడా వాడరు. కత్తిలా పలచనైన అంచును ఆనించి వెనక దీపం పెడతారు. రెండు మూడు మైక్రాన్ల సందున్నా వెలుతురు తొంగిచూస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు.

మరి ఆ అంచు తిన్నగా ఉందని చెప్పేదెవరు? బ్రిటిష్ ఇంజినీర్ జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో శాస్త్రవేత్తల సభకు దారి చెప్పాడు. రెండు పలకలను ఒకదానికొకటి సరిపోల్చితే చాలదు. ఒకటి ఉబ్బి, రెండోది గుంటపడి ఉన్నా చక్కగా అతుక్కుంటాయి. అందుకే మూడు కావాలి. పలచగా రంగు పూసి, మార్చి మార్చి జత కలిపి, ఎత్తుగా ఉన్నచోటల్లా గీకుతూ పోవాలి. ఏ రెండు కలిపినా అతుక్కున్నాయంటే మూడూ చదునే. అలాంటి పలక మీదే స్ట్రెయిట్ ఎడ్జ్‌నూ పరీక్షిస్తారు.

ఇంత శ్రమపడి తీర్చిన అంచు వెంట ఉక్కు సూదితో గీతలు గీస్తే అరిగిపోదూ! మార్కింగ్‌కు వేరే బద్ద ఉంచుకునేది అందుకే. వాడాక నూనె రాసి పెట్టెలో పెట్టేస్తారు.

పిల్లల స్కేలునూ పరీక్షించొచ్చు. కాగితంపై దూరంగా రెండు చుక్కలు పెట్టి సన్నటి పెన్సిల్‌తో కలపండి. తలుపు తిరిగినట్లు స్కేలును గీతకు అవతలివైపు తిప్పి, అదే అంచుతో అవే చుక్కలు మళ్లీ కలపండి. రెండు గీతలూ ఒక్కటైతే స్కేలు తిన్ననిదే. మధ్యలో ఖాళీ కనిపిస్తే, అందులో సగం స్కేలు వంపు.