ఇంటి వైఫైకి తాళం పటిష్టమేనా?

పటాన్‌చెరు: పరిశ్రమల్లో పనికి వచ్చినవారు అద్దెకుండే గదుల్లో ఒకే వైఫై కనెక్షన్‌ను నలుగురైదుగురు పంచుకోవడం పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో సాధారణమే. గది ఖాళీ చేసినవారి ఫోన్లలోనూ పాస్‌వర్డ్ మిగిలే ఉంటుంది. టి-ఫైబర్‌ను 2024 డిసెంబరులో ప్రయోగాత్మకంగా ప్రారంభించిన గ్రామాల్లో జిల్లాలోని సంగుపేట కూడా ఉంది. పల్లెకూ అంతర్జాలం చేరుతున్న వేళ, రౌటర్‌లోని రక్షణ అమరికలను మార్చాలా, ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాలా అన్నది ప్రతి ఇంటి ప్రశ్న అవుతోంది.

చందాదారు ఇంటికే దర్యాప్తు

2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు ప్రసార సంస్థలకు బెదిరింపు ఈమెయిల్ అందింది. అది నవీ ముంబయిలో నివసిస్తున్న ఒక అమెరికా పౌరుని వైఫై నుంచి వెళ్లినట్లు తేలింది. రక్షణ లేని ఆ కనెక్షన్‌ను ఆగంతకులు వాడుకున్నారు. అయినా పోలీసులు మొదట తట్టింది ఆయన తలుపే. నేరం ఎవరు చేసినా ఆచూకీ కనెక్షన్ ఎవరి పేరున ఉందో అక్కడికే చేరుతుంది. గదులతో పాటు వైఫై కూడా ఇచ్చే ఇంటి యజమానులు గమనించవలసిన విషయమిది.

ఏది పాతది, ఏది చాలు?

1997 నాటి డబ్ల్యూఈపీ పద్ధతిలోని లోపాలు 2001లోనే బయటపడ్డాయి. నేడు దానిని ఛేదించడం నిమిషాల పని. రౌటర్‌లో ఇదొక్కటే ఉంటే కొత్తది కొనక తప్పదు. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2లోనూ 2017లో ఒక లోపం కనిపించినా, ఫోన్లు, రౌటర్లకు సాఫ్ట్‌వేర్ నవీకరణలతో దానిని సరిదిద్దారు. కాబట్టి డబ్ల్యూపీఏ2లో ఏఈఎస్ ఎంపిక ఉన్నవారు ఖర్చుకు తొందరపడనక్కరలేదు. అసలు బలహీనత పాస్‌వర్డే.

చాలామంది సెల్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెడతారు. 6 నుంచి 9 వరకు అంకెలతో మొదలయ్యే పదంకెల నంబర్లు మొత్తం 400 కోట్లే. వైఫై సంకేతాన్ని ఒకసారి పట్టుకున్నవారు తమ కంప్యూటరులో వాటినన్నిటినీ వరుసగా సరిచూడగలరు. శక్తిమంతమైన యంత్రానికి అది గంటల పని. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇలా దూరంగా కూర్చుని ఊహించే అవకాశాన్ని అడ్డుకుంటుంది. అయితే పాత ఫోన్లు కొన్ని దానికి కలవవు. రెండూ పనిచేసే ఉమ్మడి అమరిక రౌటర్‌లో ఉంటే దానిని ఎంచుకోవచ్చు. కానీ ఆ అమరికలో పాత ఫోన్లు డబ్ల్యూపీఏ2తోనే కలుస్తాయి గనుక పొడవైన పాస్‌వర్డ్ అవసరం తీరదు.

ఖర్చు లేని జాగ్రత్తలు

పరస్పర సంబంధం లేని నాలుగైదు తెలుగు పదాలను ఆంగ్ల అక్షరాలలో కలిపి రాసుకుంటే గుర్తుంటుంది, ఛేదించడమూ కష్టమే. రౌటర్‌తో పాటు వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్‌నూ మార్చాలి. ఎనిమిదంకెల పిన్‌తో కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయడం మేలు. ఆ పిన్‌ను సుమారు 11 వేల ప్రయత్నాల్లో కనుగొనవచ్చని 2011లోనే వెల్లడైంది. అద్దెదారులకు గెస్ట్ నెట్‌వర్క్ విడిగా ఇచ్చి, గది ఖాళీ అయిన ప్రతిసారీ దాని పాస్‌వర్డ్ మార్చాలి. చేతకానివారు నెట్ ఆపరేటరుతో దగ్గరుండి చేయించుకోవచ్చు. సైబర్ మోసంలో సొమ్ము పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

రౌటర్ మార్చాలా అన్నది తర్వాతి మాట. పాస్‌వర్డ్ మార్పు మాత్రం నేటి పనే.